మన ఫుటీ జట్టులో బెస్ట్ ప్లేయర్ ఎవరు? సీజనంతా అభిమానుల ఓటింగ్ ఎలా నడపాలి

మార్చిలో ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) సీజన్ మొదలైందంటే చాలు, ఒకే ప్రశ్న పదిమంది అడుగుతారు: “మేమూ మా గ్రూపులో ప్రతి మ్యాచ్ తర్వాత బెస్ట్ ప్లేయర్‌కి ఓట్లు వేసుకుందామని అనుకుంటున్నాం. మీరు ఎలా నడుపుతున్నారు?” మెల్‌బోర్న్ పశ్చిమాన టార్నీట్, పాయింట్ కుక్, వెరిబీ వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ముందు పిల్లలు ఫుటీ నేర్పే ఆస్‌కిక్‌లో చేరతారు. వాళ్లను దింపడానికి వెళ్లిన అమ్మానాన్నలకు మెల్లగా ఆట పట్టుబడుతుంది. ఇంకో ఏడాది తిరిగేసరికి ఇంట్లో అందరికీ ఒక జట్టు ఉంటుంది, ఈ రోజు బాగా ఆడింది ఎవరన్న వాదనా ఉంటుంది.

మా గ్రూపు వెస్టర్న్ బుల్‌డాగ్స్‌ది కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఇస్తాను. మీది కాలింగ్‌వుడ్ అయినా, ఎసెండన్ అయినా పద్ధతి ఒకటే.

నేను పట్టుబట్టేది ఒక్కదానికే. ఓటు మనం కళ్లారా చూసిన ఆటకు పడాలి. ఆటగాడి పేరు, మ్యాచ్ అయ్యాక ఫోన్‌లో కనిపించే అంకెలు, గ్రూపులో అందరికంటే ముందు మాట్లాడేవాళ్ల మాట, ఈ మూడూ ఓటును పక్కకు లాగుతాయి. కింద చెప్పేవన్నీ ఆ లాగుడు నుంచి ఓటును కాపాడుకునే పనులే.

ముందుగా కావాల్సినవి

- ఓటు వేసేవాళ్లు కనీసం ఏడెనిమిది మంది. అంతకన్నా తక్కువైతే ఒక్కరి అభిమానమే ఫలితాన్ని తిప్పేస్తుంది.
- లెక్క చూసే మనిషి ఒకరు, దాన్ని సరిచూసే మనిషి మరొకరు. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకపోతే మంచిది.
- ఒక గూగుల్ ఫారం, దానికి కలిపిన షీట్.
- వాట్సాప్ గ్రూపు. ఇది గుర్తుచేయడానికి మాత్రమే, ఓటింగ్‌కు కాదు. కారణం మూడో మెట్టులో చెబుతాను.
- జట్టు ఆటగాళ్ల జాబితా, జెర్సీ నంబర్లతో సహా.
- ప్రతి ఓటరు దగ్గర చిన్న నోట్‌బుక్కు, పెన్ను.
- ఒక పేజీలో రాసిపెట్టుకున్న నిబంధనలు.

1. ఎన్ని పాయింట్లో తేల్చుకోండి

రెండు పద్ధతులు బాగా వాడుకలో ఉన్నాయి. ఏఎఫ్‌ఎల్ అనే జాతీయ ఫుటీ లీగ్‌లో అన్నిటికన్నా పెద్ద వ్యక్తిగత గౌరవమైన బ్రౌన్‌లో మెడల్‌కు ఫీల్డ్ అంపైర్లు మ్యాచ్ అయ్యాక కలిసి ముగ్గురికి 3, 2, 1 ఓట్లు ఇస్తారు. కోచ్‌ల సంఘం ఇచ్చే అవార్డుకు మ్యాచ్‌లోని ఇద్దరు కోచ్‌లూ విడివిడిగా 5, 4, 3, 2, 1 ఇస్తారు. అంటే ఒక ఆటగాడికి ఒక మ్యాచ్‌లో గరిష్ఠంగా 10 రావచ్చు.

ఈ రెండిట్లోనూ పోటీ రెండు జట్ల ఆటగాళ్ల మధ్య. మనం మాత్రం మన జట్టులో ఆ రోజు పేరున్న 23 మందిలోంచే ఎంచుకుంటాం. అందుకే నేను 5-4-3-2-1 వైపే ఉంటాను. మూడు స్థానాలే ఉంటే మూడూ మిడ్‌ఫీల్డర్లకు వెళ్లిపోతాయి. నాలుగో, ఐదో స్థానం ఉన్నప్పుడే వెనక గోల్ కాచిన డిఫెండర్ మనకు గుర్తొస్తాడు. మీ గ్రూపులో ఆట కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఎక్కువైతే మొదటి ఏడాది 3-2-1తో మొదలుపెట్టండి, తప్పేం లేదు.

ఒక పద్ధతి మాత్రం వద్దు. “ఒక్కొక్కరికి 10 పాయింట్లు, ఇష్టమొచ్చినట్టు పంచండి” అంటే ఎవరో ఒకరు పదికి పదీ తన హీరోకి పోసేస్తారు. ఇక మిగతావాళ్ల ఓట్లకు విలువ ఉండదు.

2. నిబంధనలు మొదటి మ్యాచ్‌కి ముందే రాయండి

సీజన్ మధ్యలో నిబంధన మారిస్తే అది ఎవరికో ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం. కింది ప్రశ్నలకు మార్చిలోనే జవాబు రాసి గ్రూపులో పిన్ చేయండి.

ఎవరు ఓటు వేయవచ్చు? కనీసం మూడు క్వార్టర్లు చూసినవాళ్లు. రీప్లే చూసినా సరే. స్కోరు, హైలైట్స్ మాత్రమే చూసినవాళ్లు ఆ వారం ఆగాలి.

ఇంటికి ఒక ఓటా, మనిషికి ఒక ఓటా? మనిషికి ఒకటి. పదేళ్ల లోపు పిల్లల ఓట్లు మేము వేరే పట్టికలో వేస్తాం. వాళ్ల విజేతను వాళ్లే ప్రకటిస్తారు. పిల్లలకు ఇది ఎంత ఇష్టమో ఒకసారి పెట్టి చూడండి.

సస్పెండ్ అయిన ఆటగాడికి అర్హత ఉందా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. 1997లో మా జట్టు క్రిస్ గ్రాంట్‌కు బ్రౌన్‌లో లెక్కింపులో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి, రాబర్ట్ హార్వే కంటే ఒకటి ఎక్కువ. కానీ ఆ సీజన్‌లో ఒక మ్యాచ్ సస్పెన్షన్ ఉండటంతో మెడల్ హార్వేకు వెళ్లింది. పాత బుల్‌డాగ్స్ అభిమానులు ఇప్పటికీ ఆ రాత్రి గురించి బాధగా మాట్లాడుకుంటారు. బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ అని పేరు పెడితే ‘ఫెయిరెస్ట్’ అన్న మాటకు కూడా అర్థం ఉండాలి కాబట్టి అనర్హత పెట్టవచ్చు. ఆ గొడవ వద్దనుకుంటే అవార్డు పేరు ‘బెస్ట్ ప్లేయర్’ అని మార్చి అందరినీ లెక్కలో ఉంచండి. మేము రెండోదే చేశాం.

ఫైనల్స్ కలపాలా? సాధారణ సీజన్‌లో జట్టుకు 23 మ్యాచ్‌లు. మా లెక్క వాటితోనే ఆగుతుంది. ఫైనల్స్‌కు వేరే పట్టిక.

జట్టు ఘోరంగా ఓడిపోతే? అప్పుడు కూడా 15 పాయింట్లూ ఇవ్వాల్సిందే. కోపంతో “ఈ వారం ఎవరికీ ఏమీ లేదు” అంటే లెక్క కుదరదు. అన్నిటికన్నా ముఖ్యంగా, 70 పాయింట్ల తేడాతో ఓడిన రోజు కూడా చివరి సైరన్ దాకా పరుగెత్తినవాడికి అన్యాయం జరుగుతుంది.

3. ఫారం తయారు చేయండి

వాట్సాప్ పోల్ ఎందుకు వద్దంటే, అందులో 12 ఆప్షన్ల కంటే ఎక్కువ పెట్టలేం. మనకు 23 పేర్లు కావాలి. పైగా ఎవరు ఎవరికి వేశారో వెంటనే అందరికీ కనిపిస్తుంది. పెద్దాయన ఒకరు ముందు ఓటు వేస్తే తర్వాత వచ్చే పది ఓట్లు ఆయన వెనకే నడుస్తాయి.

గూగుల్ ఫారంలో రెండు దారులున్నాయి.

మొదటిది గ్రిడ్. అడ్డ వరుసల్లో 5, 4, 3, 2, 1 పాయింట్లు, నిలువు వరుసల్లో ఆటగాళ్లు. ‘ప్రతి వరుసలో జవాబు తప్పనిసరి’, ‘ఒక నిలువు వరుసకు ఒకే జవాబు’ అనే రెండు సెట్టింగులూ పెడితే ఎవరూ ఖాళీ వదలలేరు, ఒకే ఆటగాడికి రెండుసార్లు వేయలేరు. ఇబ్బంది ఏంటంటే ఫోన్‌లో 23 నిలువు వరుసలు పక్కకు జరుపుకుంటూ చూడాలి.

రెండోది ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి డ్రాప్‌డౌన్ జాబితా. ఫోన్‌లో సులువు. కానీ ఒకే పేరు రెండుసార్లు ఎంచినా ఫారం ఒప్పేసుకుంటుంది. ఆ తప్పును మీరే తర్వాత పట్టుకోవాలి. మా గ్రూపులో అమ్మమ్మలు, తాతయ్యలు కూడా వేస్తారు కాబట్టి మేము దీన్నే వాడుతున్నాం.

ఏది వాడినా పేర్లు టైప్ చేయనివ్వకండి. మా ఆటగాడు బొంటెంపెల్లి పేరును మా వాళ్లు తెలుగులో, ఇంగ్లిష్‌లో, ముద్దుపేరుతో రకరకాలుగా రాశారు, షీట్ వాటిని వేర్వేరు ఆటగాళ్లుగా లెక్కపెట్టింది. ఇంకో చిక్కు ఒకే పేరున్నవాళ్లది. 2023లో మా జట్టులో బెయిలీ డేల్, బెయిలీ స్మిత్, బెయిలీ విలియమ్స్ అని ముగ్గురు బెయిలీలు ఉండేవాళ్లు. “బెయిలీకి 4” అంటే ఎవరికి? అందుకే జాబితాలో నంబరు ముందు, ఇంటిపేరు తర్వాత: 4 బొంటెంపెల్లి, 31 డేల్, 34 విలియమ్స్. ప్రతి వారం ఆ రోజు ఆడినవాళ్ల పేర్లే ఉంచండి. గాయంతో బయట కూర్చున్నవాళ్ల పేరు జాబితాలో ఉంటే ఎవరో ఒకరు పొరపాటున నొక్కుతారు.

4. మ్యాచ్ చూస్తూ రాసుకోండి

ఫలితం బాగుండాలంటే ఈ మెట్టు మీదే ఎక్కువ శ్రమ పెట్టాలి.

ప్రతి క్వార్టర్ అయ్యాక విరామంలో నోట్‌బుక్కులో రెండు మూడు పేర్లు, పక్కన నాలుగు మాటలు రాయండి. “రెండో క్వార్టర్: లిబరటోరే, కింద పడి మరీ బంతి తీశాడు” అన్నంత చాలు. చివరి సైరన్ మోగాక నాలుగు క్వార్టర్ల పేర్లనూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఇలా రాయకపోతే మనకు గుర్తుండేది చివరి క్వార్టరే. మొదటి క్వార్టర్‌లో మ్యాచ్‌ను మనవైపు తిప్పినవాడు రెండు గంటల తర్వాత ఎవరికీ గుర్తుండడు.

ఇక ఏం చూడాలి? అందరినీ ఒకే కొలతతో కొలవకండి.

మిడ్‌ఫీల్డర్ విషయంలో బంతి ఎన్నిసార్లు ముట్టుకున్నాడు అన్నదానికంటే ఎలాంటి చోట సంపాదించాడు, తర్వాత దాన్ని ఏం చేశాడు అన్నది చూడండి. ఒంటి మీద ఇద్దరు ప్రత్యర్థులు ఉండగా తీసిన ఒక బంతి, ఖాళీ మైదానంలో పక్కవాడికి ఇచ్చిన మూడు హ్యాండ్‌బాల్స్ (పిడికిలితో కొట్టి ఇచ్చే పాస్‌లు) కంటే బరువైనది. కిక్కులు, హ్యాండ్‌బాల్స్ కలిపితే వచ్చే డిస్పోజల్స్ లెక్క 30 దాటితే ఆటగాడు గొప్పగా ఆడాడనుకుంటాం. ఆ ముప్పైలో ఎన్ని తిరిగి ప్రత్యర్థి చేతికే వెళ్లాయో కూడా చూడాలి.

రక్‌మన్ అంటే అంపైర్ ఆట మొదలుపెట్టే బంతికి ఎగిరి, దాన్ని తన జట్టువైపు తట్టేవాడు. ఆ తట్టడాన్నే హిట్ అవుట్ అంటారు. అతను కొట్టిన హిట్ అవుట్లన్నీ ఒకటి కావు. బంతిని సరిగ్గా మన మిడ్‌ఫీల్డర్ ఒళ్లో పడేట్టు తట్టడం వేరు, గాల్లోకి ఊరికే తట్టడం వేరు. బంతి కింద పడ్డాక కూడా అతను ఆటలో ఉన్నాడా అని చూడండి.

డిఫెండర్‌ను చూడాలంటే ముందు అతను కాస్తున్న ఫార్వర్డ్‌ను చూడాలి. వారం వారం మూడు నాలుగు గోల్స్ కొట్టేవాణ్ని ఈ రోజు ఒక్కదానికి కట్టేస్తే అదే అతని గోల్. బంతిని పిడికిలితో గుద్ది పక్కకు పంపే స్పాయిల్ టీవీలో క్షణంలో అయిపోతుంది, హైలైట్స్‌లో కనిపించదు. క్రికెట్ తెలిసిన మనవాళ్లకు నేను ఇలా చెబుతాను: నాలుగు ఓవర్లు వేసి వికెట్ లేకపోయినా 18 పరుగులే ఇచ్చిన బౌలర్‌ను తలుచుకోండి. మ్యాచ్ అతని వల్లే చేతిలో ఉంటుంది, స్కోరుబోర్డు మాత్రం ఆ మాట చెప్పదు.

చిన్న ఫార్వర్డ్‌లో గోల్స్‌తో పాటు ఒత్తిడి చూడండి. ప్రత్యర్థి డిఫెండర్ తొందరపడి తప్పు కిక్ కొట్టేలా వెంటబడ్డాడా? ఆ తప్పు నుంచి వచ్చిన గోల్ వేరేవాడి పేరున పడినా దానికి మూలం ఇతనే.

ట్యాగర్ పని ఎదుటి జట్టు స్టార్‌ను వదలకుండా అంటిపెట్టుకోవడం. అతనికి 12 డిస్పోజల్సే ఉండవచ్చు. ఆ స్టార్‌కు ఎప్పుడూ వచ్చే వాటిలో సగమే వస్తే మాత్రం ట్యాగర్ మీ ఐదుగురిలో ఉండాలి.

గోల్స్ విషయంలో ఒక హెచ్చరిక. గోల్‌కు 6 పాయింట్లు, గోల్ స్తంభాల పక్కనుంచి వెళ్లే బిహైండ్‌కు 1. స్కోరు సమానంగా ఉన్నప్పుడు కొట్టిన రెండు గోల్స్‌కూ, 80 పాయింట్ల ఆధిక్యంలో చివరి పది నిమిషాల్లో కొట్టిన రెండు గోల్స్‌కూ స్కోరుబోర్డు మీద తేడా లేదు. మీ నోట్‌బుక్కులో తేడా ఉండాలి. ఇక్కడివాళ్లు ఆ చివరి నిమిషాలను గార్బేజ్ టైమ్ అంటారు.

మైదానంలో కూర్చుని చూసేవాళ్లకు ఇంకో మాట. మార్వెల్ స్టేడియంలో గోల్ వెనక సీటు దొరికితే అవతలి చివర జరిగేది సరిగ్గా కనిపించదు. ఆ రోజు ఇంటికి వచ్చాక రీప్లేలో ఒక క్వార్టర్ అయినా చూసి ఓటు వేయండి. టీవీలో చూసేవాళ్లకు దీనికి ఎదురు ఇబ్బంది. కెమెరా బంతి వెంటే తిరుగుతుంది, బంతికి దూరంగా పరుగెత్తి ఖాళీ స్థలం సృష్టించినవాడు కనిపించడు.

5. ముందు మీ ఐదు పేర్లు, తర్వాత అంకెలు

సైరన్ మోగిన వెంటనే ఫోన్ తీయకండి. ముందు ఐదు పేర్లూ కాగితం మీద వరుసలో రాయండి. ఆ తర్వాత గణాంకాలు తెరవండి. అంకెలు చూసి ఒక్క పేరు వరకు మార్చుకోవచ్చు. ఉదాహరణకు మీరు గమనించని డిఫెండర్‌కు పది ఇంటర్‌సెప్ట్‌లు (ప్రత్యర్థి నుంచి బంతిని మధ్యలో అందుకోవడం) ఉంటే ఆ భాగం మళ్లీ చూడండి. అంకెలు చూసి ఐదింటిలో మూడు మార్చాలనిపిస్తే మీరు ఆట మీద మనసు పెట్టలేదని అర్థం. ఆ వారం రీప్లే చూశాకే వేయండి.

ఫాంటసీ పాయింట్లను మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఏఎఫ్‌ఎల్ ఫాంటసీలో కిక్‌కు 3, హ్యాండ్‌బాల్‌కు 2, మార్క్‌కు (కిక్ చేసిన బంతిని గాల్లోనే పట్టడం) 3, టాకిల్‌కు 4, గోల్‌కు 6 వస్తాయి. గోల్‌ను ఆపిన స్పాయిల్‌కు ఏమీ రాదు. ఆ ఆట సరదాకి బాగుంటుంది, బెస్ట్ ప్లేయర్‌ను తేల్చడానికి పనికిరాదు.

6. గడువు పెట్టండి, అందరికీ ఒకే గడియారం

మేము మ్యాచ్ మర్నాడు రాత్రి 9 గంటలకు, మెల్‌బోర్న్ టైమ్ ప్రకారం ఫారం మూసేస్తాం. రీప్లే చూడటానికి ఒక రోజు దొరుకుతుంది, మ్యాచ్ జ్ఞాపకమూ చెదరదు.

మీ గ్రూపులో హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఓటు వేసే చుట్టాలుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఏప్రిల్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి వెళ్తుంది. మార్చిలో మన రాత్రి 9 అంటే వాళ్లకు మధ్యాహ్నం 3:30, ఆ తర్వాత సాయంత్రం 4:30. ఇది చెప్పకపోతే వాళ్లు గంట ముందే గడువు అయిపోయిందనుకుని ఆ వారం వదిలేస్తారు.

గడువు దాటిన ఓటును ఎవరిదైనా సరే కలపకండి. ఒకసారి మొహమాటపడితే తర్వాత వారం ఐదుగురు అడుగుతారు.

7. ఓట్లను శుభ్రం చేసి కూడండి

షీట్ తెరిచాక మొదట చూడాల్సినవి మూడు.

ఒకే మనిషి రెండుసార్లు పంపారా? చివరిది ఉంచి మొదటిది తీసేయండి. ఇది కూడా నిబంధనల్లో ముందే రాసి ఉండాలి.

ఒకే ఓటులో ఒక ఆటగాడి పేరు రెండుసార్లు ఉందా? ఉంటే మీరే ఊహించి దిద్దకండి. ఓటరుకు ఫోన్ చేసి అడగండి. జవాబు రాకపోతే ఆ ఓటు మొత్తం పక్కన పెట్టండి.

ఖాళీలు ఉన్నాయా? ఇదీ అంతే.

తర్వాత కూడిక. షీట్‌లో సమ్‌ఇఫ్ (SUMIF) ఫార్ములా వాడితే ప్రతి ఆటగాడికి ఎన్ని పాయింట్లో ఒక్క క్షణంలో వస్తుంది. ఫార్ములాలంటే భయమైతే కాగితం మీద గీతలు గీసుకుంటూ లెక్కపెట్టండి. 15 మంది ఓటర్లకు పావుగంట పని.

ఇప్పుడు సరిచూడటం. 5-4-3-2-1లో ఒక్కో ఓటరు సరిగ్గా 15 పాయింట్లు ఇస్తారు. 14 మంది ఓటు వేస్తే అందరు ఆటగాళ్ల పాయింట్లూ కలిపి 210 రావాలి. 207 వచ్చిందా? ఎక్కడో ఒక 3 పోయింది, లేదా ఒక 2, ఒక 1. 213 వచ్చినా తప్పే. 210 వచ్చేదాకా ఫలితం ప్రకటించకండి. 3-2-1 పద్ధతిలో ఓటరుకు 6 చొప్పున లెక్కేసుకోండి.

8. సీజన్ పట్టికలో మొత్తాలు కాదు, సగటు వేయండి

మొదటి ఏడాది మేము చేసిన పెద్ద తప్పు ఇదే. నాకు ఇప్పటికీ మనసులో ఉంది.

మార్చిలో ఉత్సాహం ఎక్కువ, 30 మంది ఓటు వేస్తారు. జులైలో చలి, పైగా జట్టు వరుసగా ఓడిపోతుంటే 10 మందే మిగులుతారు. మొదటి రౌండ్‌లో ఒక మిడ్‌ఫీల్డర్‌కు 120 పాయింట్లు వచ్చాయనుకోండి. పదిహేనో రౌండ్‌లో ఒక డిఫెండర్‌కు పదిమందీ 5 చొప్పున ఇచ్చారు, మొత్తం 50. నేరుగా కూడితే మిడ్‌ఫీల్డర్ ఆట డిఫెండర్ ఆటకు రెండింతలకు పైగా కనిపిస్తుంది. నిజానికి డిఫెండర్‌ది ఎవరూ వంక పెట్టలేని ఆట, మిడ్‌ఫీల్డర్‌ది చాలా మంచి ఆట. మా పట్టికలో సీజన్ మొదట్లో బాగా ఆడి తర్వాత వెనకబడినవాడు చివరిదాకా పైనే ఉన్నాడు. జులై, ఆగస్టుల్లో జట్టును భుజాన మోసినవాడు కిందే ఉండిపోయాడు. ఆ తప్పు మాకు సెప్టెంబరులో గాని అర్థం కాలేదు.

మందు సులభం. ప్రతి మ్యాచ్‌కూ ఆటగాడి పాయింట్లను ఆ వారం ఓటు వేసినవాళ్ల సంఖ్యతో భాగించండి. 120ని 30తో భాగిస్తే 4.00. 50ని 10తో భాగిస్తే 5.00. సీజన్ పట్టికలోకి వెళ్లేవి ఈ అంకెలే, రెండు దశాంశ స్థానాల దాకా.

ఓటు వేసేవాళ్ల సంఖ్య మారితే అంకెలు ఎలా పోల్చరానివి అవుతాయో బ్రౌన్‌లో చరిత్రలోనే ఉంది. 1976, 1977 సీజన్లలో మాత్రం ఇద్దరు అంపైర్లు విడివిడిగా 3-2-1 ఇచ్చారు. 1977లో గ్రాహమ్ టీస్‌డేల్‌కు 59 ఓట్లు వచ్చాయి. మ్యాచ్‌కు ఒకే వరుస 3-2-1 ఉండే పద్ధతిలో రికార్డు 2024లో ప్యాట్రిక్ క్రిప్స్ సాధించిన 45. ఎవరి సీజన్ గొప్పదో 59, 45 పక్కపక్కన పెట్టి తేల్చలేం.

సగటు లెక్క తలనొప్పి అనిపిస్తే ఇంకో దారి ఉంది. ఆ వారం మొదటి స్థానం వచ్చినవాడికి 5, రెండో స్థానానికి 4, ఇలా సీజన్ పాయింట్లు ఇవ్వండి. లెక్క తేలికే. కానీ అందరూ ఏకగ్రీవంగా ఎన్నుకున్న ఆటకూ, అరపాయింటుతో గట్టెక్కిన ఆటకూ ఒకే 5 పడుతుంది. నాకు సగటే ఇష్టం.

9. సీజన్ లెక్కను సరిచూసుకోండి

సగటు పద్ధతిలో ప్రతి మ్యాచ్‌కూ అందరి అంకెలూ కలిపి 15 రావాలి. కాబట్టి 23 మ్యాచ్‌లు పూర్తయ్యాక పట్టిక మొత్తం 345. దశాంశాలు సవరించడం వల్ల కొన్ని వందో వంతులు అటూ ఇటూ కావచ్చు. ఒక పాయింటు, రెండు పాయింట్లు తేడా వస్తే మాత్రం ఏదో ఒక రౌండ్ తప్పుగా ఎక్కింది.

రెండో పరీక్ష: ఒక్కో ఓటరును లెక్కలోంచి తీసేసి చూడండి. ఒక్కరిని తీస్తే విజేత మారిపోతున్నాడంటే పోటీ చాలా దగ్గరగా ఉందనైనా అర్థం, లేదా ఆ ఒక్కరు ప్రతి వారం ఒకే పేరుకు 5 ఇస్తున్నారనైనా అర్థం. వాళ్ల ఓట్లు వరుసగా చూస్తే తెలిసిపోతుంది. అలాంటివాళ్లతో గ్రూపులో గొడవ పెట్టుకోకండి. విడిగా ఫోన్ చేసి, “ఈ వారం మీ అభిమాన ఆటగాణ్ని పక్కన పెట్టి మిగతావాళ్లలో మొదటి ముగ్గురు ఎవరో చెప్పండి” అని అడగండి. చాలామంది ఆ తర్వాత సర్దుకుంటారు.

మూడోది బయటి పోలిక. కోచ్‌ల ఓట్లు రౌండ్ రౌండ్‌కూ బయటకు వస్తాయి, సీజన్ చివర క్లబ్ తన బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ అవార్డు ఇస్తుంది. బుల్‌డాగ్స్‌లో దాని పేరు చార్ల్స్ సటన్ మెడల్, కాలింగ్‌వుడ్‌లో కోప్‌ల్యాండ్ ట్రోఫీ, ఎసెండన్‌లో క్రైటన్ మెడల్, కార్ల్‌టన్‌లో జాన్ నికల్స్ మెడల్. మీ మొదటి పదిమందిలో ఏడెనిమిది మంది ఆ జాబితాలోనూ ఉంటే మీ గ్రూపు ఆట బాగానే చూస్తోంది. వరుస మారితే కంగారు పడకండి. కోచ్‌లకు ఆటగాడికి అప్పగించిన పని ఏంటో తెలుసు, మనకు తెలియదు.

నాలుగోది మిడ్‌ఫీల్డ్ పక్షపాతం. 2015 నుంచి 2025 దాకా బ్రౌన్‌లో గెలిచినవాళ్లంతా మిడ్‌ఫీల్డర్లే. ఎప్పుడూ బంతి దగ్గరే ఉండేవాళ్లు అంపైర్ల కళ్లకే అంతగా కనిపిస్తే మన సంగతి చెప్పాలా? పది రౌండ్లు అయ్యాక మీ పట్టిక తీసి మొదటి ఎనిమిది మందిలో డిఫెండర్ ఒక్కరైనా ఉన్నారో లేదో చూడండి. లేకపోతే నాలుగో మెట్టులో డిఫెండర్ గురించి చెప్పింది గ్రూపులో మళ్లీ పంచండి. అంతేగాని లెక్కలో డిఫెండర్లకు అదనపు పాయింట్లు కలపకండి.

10. సమానం వస్తే

సగటు రెండు దశాంశాల దాకా ఉంటే సమానం రావడం అరుదు. 3-2-1లో మాత్రం రావచ్చు. ఎక్కువసార్లు 3 వచ్చినవాణ్ని గెలిపించడం ఒక పద్ధతి, దాన్ని కౌంట్‌బ్యాక్ అంటారు. బ్రౌన్‌లోలో ఒకప్పుడు అలాగే చేసేవారు. తర్వాత దాన్ని వదిలేశారు. 1981లో బెర్నీ క్విన్లన్, బ్యారీ రౌండ్ ఇద్దరూ మెడల్ పంచుకున్నారు. అంతకు ముందు కౌంట్‌బ్యాక్‌లో మెడల్ పోగొట్టుకున్నవాళ్లకు కూడా 1989లో మెడల్స్ ఇచ్చారు. క్విన్లన్, రౌండ్ ఇద్దరూ అంతకుముందు మా ఫుట్‌స్క్రేలో (బుల్‌డాగ్స్ పాత పేరు) ఆడి వేరే క్లబ్బులకు వెళ్లినవాళ్లే. ఆ సంగతి తెలిసిన రోజు నాకు చాలాసేపు ఆ ఆలోచనే. 2003లో గుడ్స్, బక్లీ, రిచూటో ముగ్గురూ పంచుకున్నారు. మీరూ పంచేయండి. ఇద్దరు విజేతలుంటే ఆనందం తగ్గదు.

11. ప్రకటన

ప్రతి వారం ఫలితం పెట్టండి, సీజన్ పట్టికను మాత్రం 17వ మ్యాచ్ తర్వాత మూసేయండి. ఆ తర్వాత నిలిచిన స్థానాలు లెక్క చూసే ఇద్దరికే తెలియాలి. పోటీలో ఎవరున్నారో తెలిస్తే కొందరు ఎదుటివాణ్ని వెనక్కి నెట్టడానికి ఓటు వేయడం మొదలుపెడతారు.

చివరి లెక్కింపుకు అందరినీ ఒక ఇంటికి పిలవండి. బ్రౌన్‌లో లెక్కింపు గ్రాండ్ ఫైనల్ వారంలో సోమవారం రాత్రి జరుగుతుంది కాబట్టి దానికి ముందు శనివారమో ఆదివారమో బాగుంటుంది. ఒక్కసారిగా విజేత పేరు చెప్పేయకండి. మొదటి రౌండ్ నుంచి ఒక్కొక్కటీ చదవండి, గోడ మీద చార్టులో పిల్లలతో అంకెలు వేయించండి. తొమ్మిదో రౌండ్ చదివినప్పుడు “ఆ రోజు వానలో మనం స్టాండులో తడిసిపోయాం, గుర్తుందా?” అని ఎవరో అంటారు. అప్పుడు ఆగండి, వాళ్లను మాట్లాడనివ్వండి. మా ఇంట్లో 23 రౌండ్లు చదవడానికి రెండు గంటలు పడుతుంది, బిర్యానీ చల్లారిపోతుంది, అయినా ఎవరూ లేవరు.

మహిళల జట్టుకూ ఓటింగ్ పెట్టండి, వేరే ఫారం, వేరే షీట్‌తో. వాళ్ల సీజన్ పొట్టిది కాబట్టి ఒక్కో మ్యాచ్ ఓటుకు బరువెక్కువ, వదలకుండా చూడాలి.

లెక్కింపు అయిన రాత్రే షీట్‌కు ఒక కాపీ తీసి, ఆ ఏడాది పేరు పెట్టి, లెక్క చూసే ఇద్దరి దగ్గరా దాచుకోండి. వచ్చే మార్చికి ఓట్లు చెరిపేసి, కొత్త ఆటగాళ్ల పేర్లు, మారిన జెర్సీ నంబర్లు ఎక్కిస్తే ఫారం సిద్ధం.